ఎర్ర దిండుకు నీలం గలీబు

గేటాయన ముప్పైమూడేళ్లు రైళ్లకు పచ్చజెండా చూపించాడు. అన్ని రైళ్లను సాగనంపిన మనిషి ఏ ఒక్క రైల్లోనూ గంటకు మించి కూర్చున్న పాపాన పోలేదు. ఉద్యోగులకు ఏటా ఇచ్చే ఉచిత పాసు వచ్చేది. అది ట్రంకుపెట్టె అడుగున పాత పేపరు కింద పడి ఉండి ఉండి గడువు తీరిపోయేది. వీధిలో తలా ఒక మాట అనేవారు. పనంటే భక్తి అని కొందరు, కదలడానికి బద్ధకం అని కొందరు. రైలెక్కితే ఆయనకు కడుపులో తిప్పుతుందట అని పక్కింటి వదిన ఏకంగా రోగమే అంటగట్టింది. అసలు సంగతి ఎవరికీ అంతుపట్టలేదు. ఆయనకు రైలంటే భయం.

ఆ భయం పుట్టిన రోజు ఆయనకు బాగా గుర్తు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం. గేటు దగ్గర ఆగిన లారీ డ్రైవరు ఏదో హాస్యమాడుతుంటే ఈయన పకపకా నవ్వుతూ జెండా పట్టుకుని నిలబడ్డాడు. గూడ్సు బండి వెళ్తోంది. నడుమ ఒక వ్యాగను చక్రాల దగ్గర సన్నగా పొగ లేచింది. కాలిన గ్రీజు వాసన ముక్కుకు తగిలింది కూడా. దుమ్మేమో అనుకున్నాడు. చివరి పెట్టెలోంచి చెయ్యి ఊపిన గార్డుకు పచ్చజెండా చూపించి మళ్లీ నవ్వులో పడ్డాడు. పదకొండు కిలోమీటర్ల అవతల ఆ వ్యాగను ఇరుసు విరిగింది. తొమ్మిది వ్యాగన్లు పట్టాలు తప్పాయి. ప్రాణాలు పోలేదు గానీ ఆ గార్డుకు ఒక కాలు మోకాలి కిందికి తీసేశారు. విచారణకు వచ్చినవాళ్లు అడిగితే, "బండి సవ్యంగానే వెళ్లిందండి" అని రాసిచ్చాడు గేటాయన. పొగ చూసిన సంగతి ఆ తరవాత ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న భార్యకు కూడా.

అప్పటినుంచి రైలు వస్తుందంటే చాలు, ఆయన ఒళ్లంతా చెవులైపోయేది. గేటు వేయగానే గది ముందున్న సిమెంటు దిమ్మ మీద నిలబడి, ఒక్కో బోగీనీ చక్రాల నుంచి పైకప్పు దాకా చూసేవాడు. చూసినదానికంటే విన్నది ఎక్కువ. చక్రం ఒకచోట అరిగితే సుత్తితో కొట్టినట్టు ఎలా మోగుతుందో, బ్రేకు పట్టేసిన చక్రం పట్టాను ఎలా కోస్తుందో, ఇరుసు వేడెక్కితే ముందు సన్నగా ఎలా మూలుగుతుందో ఆయనకు తెలుసు. అలా పట్టుకుని ఏడుసార్లు ఎర్రజెండా చూపించాడు. అందులో అయిదుసార్లు నిజంగానే లోపం బయటపడింది. మిగతా రెండుసార్లూ చీవాట్లు తిన్నాడు. పచ్చజెండా చూపించిన ప్రతి రైలూ పక్క స్టేషను దాటిందని ఫోను వచ్చేదాకా ఆయనకు టీ నీళ్లు గొంతు దిగేవి కావు.

పదవీ విరమణకు ముందు వైద్య పరీక్ష చేసిన డాక్టరు, "కుడి చెవి బాగా మందగించిందండీ, ఎడమది ఫర్వాలేదు" అన్నాడు. ఆ మాటతో గేటాయనకు ఉన్న ఒక్క ధైర్యమూ సగమైపోయింది.

భార్య కుట్టుపని చేసేది. వీధిలో సగం మంది ఒంటి మీది బట్టలు ఆవిడ మిషను మీద పుట్టినవే. ఆవిడ అక్క ఎక్కడో దేశానికి ఆ చివర, రైల్లో రెండు పగళ్లూ ఒక రాత్రీ పట్టే దూరంలో ఉంటుంది. అక్కాచెల్లెళ్లు చూసుకుని పద్దెనిమిదేళ్లు. ఆ అక్కకు కళ్లు మసకబారుతున్నాయని, ఆరు నెలలు పోతే మనిషిని గుర్తుపట్టడం కూడా కష్టమని కబురొచ్చింది. ఆవిడ మిషను మీద గుడ్డ కప్పేసి వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, ఇన్నాళ్లూ గేటు ఎవరు చూస్తారు అన్నారు. ఇప్పుడు గేటు లేదు. ఇంకేం సాకు చెబుతారో చెప్పండి, వింటాను."

ఆయన సాకు కోసం ఇల్లంతా చూశాడు. దొరకలేదు.

ఆవిడ రైలు ప్రయాణాన్ని పెళ్లి పనుల్లా నెత్తికెత్తుకుంది. దూరప్రయాణాలు చేసినవాళ్లను వీధిలో ఒక్కొక్కరినీ పట్టుకుని, ఏం తీసుకెళ్లాలి, ఎలా పడుకోవాలి, పొద్దెలా పుచ్చాలి అని ఆరా తీసింది. నడుము కింద పెట్టుకోవడానికి మెత్త. కళ్ల మీద కప్పుకోవడానికి నల్లగుడ్డ పట్టీ. చెవుల్లోకి దూది. కాళ్లు చల్లబడకుండా మేజోళ్లు. ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్లు, వేయించిన పల్లీలు. చేతిలో పట్టే రేడియో, పేకముక్కలు, అల్లిక ఊలు, చదవడానికి రెండు పాత వారపత్రికలు. వీటన్నిటికీ పైన, మెడ చుట్టూ గుర్రపు నాడాలా అమరే దిండు ఒకటి తనే కత్తిరించి కుట్టింది. దానికి వాడిన గుడ్డ, ఎవరికో రగ్గు కుట్టగా మిగిలిన ఎర్రటి ఉన్ని ముక్క.

అది చూడగానే గేటాయన మొహం పాలిపోయింది.

"ఎర్రగుడ్డా? రైల్లోకా? నీకేమైనా మతి పోయిందా?"

"దిండండీ అది. జెండా కాదు."

"కిటికీలోంచి అది కనబడితే చాలు. గేటువాడు గానీ గార్డు గానీ చూస్తే ప్రమాదం అనుకుంటాడు. బండి ఆగిపోతుంది. ఎర్రదాన్ని రైలుకు చూపించడమంటే ఏమిటో నీకు తెలీదు."

"మీ గేటు కబుర్లు గేటు దగ్గరే వదిలేసి రాకూడదూ?"

చివరికి ఆవిడ నీలం గుడ్డతో గలీబు కుట్టి తొడిగింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అంచు దగ్గర ఎర్రపోగు కనిపిస్తోందన్నాడు. ఆవిడ పళ్లు కొరుక్కుంటూ గలీబు మూతి మొత్తం చిన్న చిన్న కుట్లతో మూసేసింది. "ఇక ఇది పుట్టుకతోనే నీలం. తృప్తేనా?" అంది.

పొద్దున ఏడింటికి రైలెక్కారు. ఆవిడ అయిదు నిమిషాల్లో కిటికీ పక్కన చిన్న కాపురం పెట్టేసింది. మెత్త, మేజోళ్లు, మెడలో దిండు, ఒళ్లో ఊలు. ఎదురు సీట్లో రిటైరైన టీచరమ్మ ఒకావిడ, మందుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే అతను ఒకడు. గంట గడిచేసరికి టీచరమ్మకు ఎంతమంది మనవలో, మందులతని పెళ్లి ఎందుకు ఆగిపోయిందో అన్నీ ఆవిడకు తెలిసిపోయాయి. పేకముక్కలు పంచారు. రేడియో సన్నగా పాడుతోంది.

గేటాయన మాత్రం సీటు అంచున, దిగిపోయేవాడిలా కూర్చున్నాడు. ఇంజను కూత పెడితే చాలు లేచి తలుపు దగ్గరికి వెళ్లేవాడు. కూత వెనక గేటు ఉంటుందని ఆయనకు తెలుసు. గేటు దాటేటప్పుడు అక్కడి మనిషి చేతిలో ఏ రంగు ఉందో చూసి, పచ్చదైతే ఊపిరి వదిలి వచ్చి కూర్చునేవాడు. మధ్యాహ్నానికి పద్నాలుగు సార్లు అలా లేచాడు.

"మావయ్యగారికి విరేచనాలేమైనా పట్టుకున్నాయా అత్తయ్యా?" అని మెల్లగా అడిగాడు మందులతను. "నా సంచిలో మాత్రలున్నాయి."

"ఆ జబ్బుకు నీ దగ్గర మందు లేదులే నాయనా, ముక్క వెయ్యి" అందావిడ.

పన్నెండు దాటాక ఆయనకు వినబడింది. టక్. టక్. టక్. సీటు కిందినుంచి, ఆగకుండా. చక్రం అరిగిన మోత. నేల మీద బోర్లా పడుకుని ఎడమ చెవి ఆనించాడు. అనుమానం లేదు, టక్ టక్ టక్. లేచి వెళ్లి టీసీని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. చుట్టుపక్కల సీట్లవాళ్లంతా పోగయ్యారు. టీసీ వంగి సీటు కిందికి చెయ్యి పోనిచ్చి, టీచరమ్మ స్టీలు డబ్బా ఒకటి బయటికి తీశాడు. దాని మూత సీటు కాలికి తగులుతూ మోగుతోంది. డబ్బా తియ్యగానే మోత ఆగిపోయింది.

బోగీ అంతా నవ్వు. టీచరమ్మ కూడా పాపం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పెద్దాయనా, ఇంకోసారి ఇలా జనాన్ని హడలగొడితే వచ్చే స్టేషన్లో ఇద్దర్నీ దింపేస్తాను" అన్నాడు టీసీ. "గొలుసు గానీ లాగేరు. కేసవుతుంది, ఏమనుకుంటున్నారో."

ఆయన వచ్చి కూర్చున్నాడు. భార్య సంచిలోంచి దూది తీసి, ఉండలు చుట్టి, పసివాడికి పెట్టినట్టు ఆయన రెండు చెవుల్లోనూ పెట్టింది. "కాసేపు ఏమీ వినకండి. మా అక్కను కళ్లతో చూసేదాకా మీకు దణ్ణం పెడతాను, ఏమీ వినకండి" అంది. ఆ గొంతులో వేళాకోళం లేదు.

ఆయన విననని తలూపాడు. ముప్పైమూడేళ్లు బయట నేల మీద నిలబడి విన్న చెవి. లోపల కూర్చుంటే చక్రాల మోత, డబ్బాల మోత, మనుషుల మోత అన్నీ కలిసిపోతున్నాయి. ఇక దీన్ని నమ్మడానికి లేదనుకున్నాడు. డబ్బా మూతకూ చక్రానికీ తేడా తెలియని చెవి ఇంకేం చెవి?

నాలుగున్నర అయి ఉంటుంది. ఎండ వాలుతోంది. బోగీలో సగం మంది కునుకు తీస్తున్నారు. దూది పెట్టుకున్న చెవులకు ఏమీ వినబడలేదు గానీ, ముక్కుకు తగిలింది. కాలిన గ్రీజు.

ఎవరో వంట పొయ్యి దగ్గర మాడ్చి ఉంటారు అనుకున్నాడు. బయట పొలాల్లో ఏదో తగలబెడుతున్నారు అనుకున్నాడు. దుమ్మేమో అనుకోబోయి, ఆ మాట దగ్గర ఆగిపోయాడు. ఆ మాట ఇదివరకు ఒకసారి అనుకున్నాడు.

మెల్లగా ఎడమ చెవిలో దూది తీసేశాడు. తలుపు దగ్గరికి వెళ్లాడు. అక్కడ వాసన ఇంకా చిక్కగా ఉంది. కాళ్ల కింద నేల సన్నగా వణుకుతోంది. ఆ వణుకుతో పాటు ఒక మూలుగు, పంటి నొప్పితో నిద్రపట్టని మనిషి మూలుగులాంటిది, ఆగి ఆగి వస్తోంది. కమ్మీ పట్టుకుని బయటికి వంగి చూస్తే గాలికి కళ్లు మూసుకుపోయాయి గానీ ఏమీ కనబడలేదు.

టీసీ కోసం పరిగెత్తాడు. రెండు బోగీల అవతల దొరికాడు.

"మళ్లీ డబ్బానా?" అన్నాడు టీసీ, రాసుకుంటున్న కాగితాల్లోంచి తలెత్తకుండానే.

"ఇరుసు వేడెక్కిందండీ. వాసన చూడండి ఒక్కసారి. నేను గేటు మనిషిని."

"స్టేషనొచ్చాక చూద్దాం. వెళ్లి కూర్చోండి."

తిరిగొచ్చేసరికి టీచరమ్మ మేలుకుని భార్యతో చెబుతోంది: "ఇంకో ఇరవై నిమిషాల్లో నది వంతెన వస్తుంది. ఎంత పొడుగో. కింద నీళ్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. నిద్రపోకండి, చూడాలి."

గేటాయన అక్కడే నిలబడిపోయాడు. వంతెన. మూలుగు ఇప్పుడు ఆగడం లేదు. చెయ్యి దానంతటదే పైనున్న గొలుసు వైపు లేచింది. కానీ గొలుసు లాగితే బ్రేకు ఒక్కసారిగా పడుతుంది. ఇరుసు సగం కాలిపోయి ఉంటే ఆ కుదుపు చాలు, విరిగిపోవడానికి. లాగకపోతే వంతెన మీద. లాగాక ఏమీ లేదని తేలితే వచ్చే స్టేషన్లో దింపేస్తారు. అక్కను చూడకుండానే భార్య వెనక్కి తిరగాలి. ఎటు చూసినా గొయ్యే. చక్రాన్ని చూడగలిగేది బయట నేల మీద నిలబడ్డ మనిషొక్కడే.

"టీచరమ్మగారూ, వంతెనకు ముందు గేటు ఉందా?"

"ఉంది. ఇటుకల బట్టీ పక్కన. మా బడి పిల్లలు దాన్ని దాటే వచ్చేవాళ్లు."

"గేటు గది ఏ వైపు?"

టీచరమ్మ కాసేపు చేతులు తిప్పి లెక్క చూసుకుంది. "ఎడమవైపు. మీరు నిలబడ్డ వైపే."

గేటాయన భార్య వైపు తిరిగాడు. "ఆ దిండు ఇటివ్వు."

"ఎందుకు?"

"గలీబు తీసెయ్యాలి."

ఆవిడ ఆయన మొహం చూసింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మొహంలో బెదురు చూస్తూనే ఉంది. ఇది ఆ బెదురు కాదు. దిండు అందుకున్న ఆయన వేళ్లు గలీబు అంచు వెతుకుతున్నాయి, ఆ చిన్న కుట్లు ఎక్కడా పట్టు దొరకనివ్వడం లేదు.

"మీవల్ల కాదు, తెండి" అని లాక్కుంది. "కుట్టిందాన్ని నేను. ముడి ఎక్కడుందో నాకు తెలుసు." అంచుకు పళ్లు ఆనించి ఒక్కచోట కొరికి లాగింది. వరస మొత్తం సర్రున విడిపోయింది. నీలం గుడ్డలోంచి ఎర్రటి దిండు బయటపడింది.

ఇంజను కూత పెట్టింది.

ఇద్దరూ తలుపు దగ్గరికి పరిగెత్తారు. ఆవిడ ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో ఆయన నడుము పట్టీ పట్టుకుంది. "నన్ను లాక్కుని పోకండి. నాకు ఈత రాదు" అంది. వంతెన ఇంకా రాలేదని చెప్పే తీరిక ఆయనకు లేదు.

ఇటుకల బట్టీ పొగగొట్టం కనబడింది. తరవాత గేటు. గది ముందు ఒక కుర్ర గేటుమనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో పచ్చజెండా. మొహం మాత్రం రైలు వైపు లేదు. గేటు అవతల ఆగిన మోటారు సైకిలు మనిషితో ఏదో మాట్లాడుతూ, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

గేటాయన ఆ నవ్వును గుర్తుపట్టాడు. అక్కడ నిలబడ్డది తనే. ముప్పై ఏళ్ల కిందటి తనే.

దిండును రెండు చేతులా పట్టుకుని, ఒంటినంతా బయటికి వేసి, పైకీ కిందికీ, పైకీ కిందికీ ఊపాడు. కుర్రాడి నవ్వు మొహం ఇటు తిరిగింది. కదిలే రైల్లో వేలాడుతున్న ముసలాయన, ఆయన చేతుల్లో ఎర్రది ఏదో. ఆ నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ కళ్లు ఎర్రదాని మీద నుంచి కిందికి, చక్రాల మీదికి దిగాయి. గేటు వెనక్కి జారిపోయింది.

గేటాయన మెడ తిప్పి వెనక్కే చూస్తున్నాడు. కుర్రాడి చేతిలోంచి పచ్చజెండా కింద పడిపోయింది. వంగాడు. లేచాడు. చెయ్యి పైకెత్తాడు. ఎరుపు.

చివరి బోగీలో గార్డు ఆ ఎరుపు చూసి ఉండాలి. బండి కుదుపు లేకుండా, అలసిపోయిన మనిషి చతికిలబడ్డట్టు నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగింది. ఇంజను ముందు, రెండు టెలిఫోను స్తంభాల దూరంలో, వంతెన ఇనుప దూలాలు ఎండలో మెరుస్తున్నాయి.

ఆ తరవాత జనం దిగి చూశారు. వాళ్ల బోగీకి ఎడమవైపు చివరి చక్రం దగ్గర ఇరుసు పెట్టె పొగలు కక్కుతోంది, మూత అంచు ఎర్రగా కాలిపోయి ఉంది. దాని మీద నీళ్లు చల్లబోయిన మందులతన్ని గేటాయన రెక్క పట్టి వెనక్కి లాగాడు. "పోయకు. కాలిన ఇనుము పగులుతుంది." మొట్టమొదటిసారి ఆయన గొంతు పెద్దగా వినబడింది. టీసీ వచ్చి చూశాడు. తన నీళ్ల సీసా తీసి ఆయన చేతికిచ్చి వెళ్లిపోయాడు.

ఆ బోగీ విప్పి పక్కకు తీసేసరికి గంటన్నర పట్టింది. అందులోవాళ్లను మిగతా బోగీల్లో సర్దారు. ఆవిడ కట్టుకున్న చిన్న కాపురం చెదిరిపోయింది. మెత్త ఎవరి కింద పోయిందో తెలియదు, పేకలో సగం ముక్కలు లేవు. చివరికి ఇంకో బోగీలో తలుపు పక్కన తమ ట్రంకుపెట్టె మీదే ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. బండి బయల్దేరి వంతెన ఎక్కింది. కింద నీళ్లు నల్లగా, మందంగా కదులుతున్నాయి. ఆవిడ ఒక్కసారి చూసి కళ్లు తిప్పేసుకుంది.

వంతెన దాటాక అడిగింది. "అంత నమ్మకంగా ఎలా చెప్పారు? మధ్యాహ్నం డబ్బా మూతకే మోసపోయారు కదా."

"నమ్మకం కాదు. భయం." ఆయన దిండును మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. తరవాత చెప్పాడు. లారీ డ్రైవరు హాస్యం, సన్నటి పొగ, దుమ్మేమో అనుకోవడం, గార్డు కాలు, రాసిచ్చిన కాగితం. ఒక్కటీ దాచలేదు. "ఆ రోజు నేను పచ్చజెండా చూపించానే" అన్నాడు చివరికి.



"ఇన్నేళ్లూ నాకు చెప్పకుండా ఎలా ఉన్నారండీ?"

"నువ్వు హాయిగా నిద్రపోతావు కదా. ఇద్దరం మేలుకుని ఉండటం ఎందుకని."

ఆవిడ దిండు తీసుకుని దుమ్ము దులిపి, ఆయన మెడ చుట్టూ పెట్టింది. ఎర్రగా, గలీబు లేకుండానే. కాసేపటికి ఆయన తల ఆవిడ భుజం మీదికి వాలింది. రైల్లో ఆయన నిద్రపోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

పిడుగులు పడ్డా లేవదని పేరున్న మనిషి ఆవిడ. ఇప్పుడు కళ్లు మూతపడటం లేదు. ట్రంకుపెట్టె కింద ఏదో టక్కుమన్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తోంది. అది గొళ్లెమో, చక్రమో ఆవిడకు తెలియదు. తెలిసిన చెవి పక్కనే గుర్రు పెడుతోంది. లేపుదామని రెండుసార్లు చెయ్యెత్తి దించేసుకుంది.

బయట మసక చీకటి పడుతోంది. ఇంజను కూత పెట్టింది. ఆవిడ ఆయన తల జారకుండా ఒక చేత్తో పట్టుకుని, తలుపు సందులోంచి మెడ చాచింది. గేటు దగ్గర దీపం పట్టుకుని ఎవరో నిలబడి ఉన్నారు.

పచ్చదే. అయినా అది కనుమరుగయ్యేదాకా ఆవిడ చూపు తిప్పుకోలేదు.